ప్రశ్నకు ముందే జవాబు

జానకీబాయి లెక్కలు నేర్చుకున్నది వెనక నుంచి ముందుకు. 1969లో ఆమె పదో తరగతి. తెలంగాణ ఉద్యమంతో ఆ ఏడు బడులు నెలల తరబడి మూతపడ్డాయి. జమ్మికుంట దగ్గరి పల్లెలో వాళ్లది ఒకప్పుడు పెద్ద కమతం. ఆమెకు ఊహ తెలిసేసరికి భూమి సగం పోయింది, దర్పం మాత్రం పూర్తిగా మిగిలింది. బడి మూతపడగానే తండ్రి ఇక ఆడపిల్ల చదువు అయిపోయినట్లేనని లెక్కగట్టి సంబంధాలు వెతకడం మొదలుపెట్టాడు. జానకి వంటింటి పక్క గదిలో లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. చెప్పేవాళ్లు లేరు. పుస్తకం చివర జవాబులున్నాయి. ముందు జవాబు చూసేది, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెనక్కి నడిచేది. బడి తలుపులు మళ్లీ తెరిచేనాటికి పుస్తకం అయిపోయింది, తెచ్చిన సంబంధాలు రెండూ తప్పిపోయాయి.

ఆ తర్వాత డిగ్రీ, బీఎడ్, 1976లో ఆదిలాబాద్ జిల్లా చెన్నూరులో ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు ఉద్యోగం. మధ్యలో మురహరిరావుతో పెళ్లి. ఆయన మంచిర్యాలలో సహకార బ్యాంకు ఉద్యోగి, పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇద్దరూ కొన్నేళ్లు మాట్లాడుకుని, తర్వాత మానేశారు.

1987 వేసవిలో బడికి రెండు కంప్యూటర్లు వస్తాయని కబురొచ్చింది. ఎవరో ఒకరు హైదరాబాదుకు వెళ్లి పదిరోజులు నేర్చుకుని రావాలి. మే నెల ఎండలో పోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ప్రధానోపాధ్యాయుడు రాజేశ్వర్‌రావు స్టాఫ్‌రూములో అందరి ముఖాలూ ఒక చుట్టు చూసి జానకీబాయి దగ్గర ఆగాడు.

"మీరే పోవాలె జానకీబాయమ్మా. మీకు పిల్లల పరేషాన్ లేదు."

ఆ మాట ఎంత మొరటుగా ఉందో ఆయనకు తెలియదు. ఆమె సరేనని వెళ్లింది. ఆ పదిరోజుల్లో ఆమెకు నేర్పింది బేసిక్ అనే భాష. పది, ఇరవై, ముప్పై అని అంకెలు వేసి ఒక్కో వరుసలో ఒక్కో ఆజ్ఞ రాయాలి. రాసింది రాసినట్లు యంత్రం చేస్తుంది, అనుకున్నది చేయదు. లెక్కలు తెలిసిన మనిషికి అది కొత్తగా అనిపించలేదు.

జూన్‌లో పెట్టెలు దిగాయి. మీటలున్న పలకలు రెండు, చిన్న టీవీల్లాంటివి రెండు, పాఠాలున్న క్యాసెట్లు ఆడించడానికి ఒక టేప్‌రికార్డరు. రాజేశ్వర్‌రావు వాటిని సైన్సు గదిలో పెట్టించి, కిటికీలకు పరదాలు కట్టించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. నెలన్నర ఆ గదిలోకి ఎవరినీ అడుగుపెట్టనివ్వలేదు. అప్పుడప్పుడు పిల్లలను వరుసగా తీసుకెళ్లి గుమ్మంలోంచి చూపించేవాడు.

జానకీబాయి ఆగస్టు మొదటి వారంలో ఆయన గదికి వెళ్లింది.

"సార్, పిల్లలు ముట్టకపోతే అవి ఎందుకు సార్?"

"చూస్తున్నరు కదమ్మా. చూసుడు సుత సదువే."

"ఒడ్డున కూసొని చూస్తే ఈత వస్తదా సార్?"

ఆయన కాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు. "సర్కారు సొమ్ము. ఒక్క తీగ తెగితే జవాబు చెప్పేది నేను. మీరు గనుక గంత పట్టుబడితే తొమ్మిది బి సెక్షనుకు చూపెట్టుండ్రి. ఆ పోరీలు లెక్కల్ల ఎట్లనన్న ఫెయిలే. నష్టమేం లేదు."

తొమ్మిది బిలో ఇరవై రెండు మంది. ఎనిమిదిలో లెక్కలు తప్పినవాళ్లను, ఆలస్యంగా చేరినవాళ్లను, మిర్చి ఏరడానికి, పత్తి తీయడానికి వెళ్లి నెలకు పదిరోజులు బడికి రానివాళ్లను కలిపి పెట్టిన సెక్షను. ఆ పిల్లలకు అన్నిటికంటే పెద్ద గండం ఋణ సంఖ్యలు. సున్నాకు కింద అంకెలుంటాయంటే వాళ్లు నమ్మరు. నాలుగులోంచి ఏడు తీసేయమంటే ఒకరు మూడంటారు, ఒకరు పదకొండంటారు, ఒకరు "రాదు టీచర్, అప్పు తేవాలె" అంటారు.

సర్కారు పంపిన క్యాసెట్లలో పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెర మీద వచ్చే ఊళ్ల పేర్లను జానకీబాయే సరిగా పలకలేకపోయింది. అందుకని తనే ఒక ఆట రాయడానికి కూర్చుంది. మూడు ఆదివారాలు బడికి వెళ్లి, గది తాళం తీయించుకుని, నోటుబుక్కులో రాసుకున్న వరుసలను ఒక్కొక్కటిగా కొట్టి, క్యాసెట్టులోకి ఎక్కించింది. దానికి రేవు అని పేరు పెట్టింది. గోదావరి చెన్నూరుకు దగ్గరే. రేవు మెట్లు, నీళ్లు ఎక్కడం, దిగడం ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెర మీద ఇరవై ఒక్క మెట్లు. మధ్య మెట్టు సున్నా. దాని మీద చుక్కలతో గీసిన ఒక అమ్మాయి. నాలుగు మెట్ల కింద నీళ్లు. పైన ఒక లెక్క వస్తుంది. జవాబు సరైనదైతే అమ్మాయి ఒక మెట్టు ఎక్కుతుంది, తప్పైతే నీళ్లు ఒక మెట్టు ఎక్కుతాయి. యంత్రం ఒకటి నుంచి ఇరవై లెక్కపెట్టేలోగా జవాబు కొట్టకపోయినా నీళ్లు ఎక్కుతాయి. ఈ చివరి నియమం పెట్టినప్పుడు ఆమెకు తన తెలివి మీద ముచ్చటేసింది. ఆలస్యం చేసేవాళ్లకు అది చురుకు పుట్టిస్తుందనుకుంది.

లెక్కలు ఏవి రావాలో యంత్రమే ఎంచుకునేలా రాసింది. అలా ఎంచుకునే ఆజ్ఞ ఒకటి శిక్షణలో చెప్పారు. గవ్వలు వేసినట్లు, ఏది పడుతుందో ఎవరికీ తెలియదన్నారు.

మొదటిరోజు పిల్లలు మీట ముట్టడానికి భయపడ్డారు. లస్మవ్వ కూతురు బాలలక్ష్మి ముందుకొచ్చింది. లస్మవ్వ ఎండాకాలం అడవిలో బీడీలకు తునికాకు కోసి, మిగతా కాలం కూలికి పోయే మనిషి. బాలలక్ష్మి ఎనిమిదిలో లెక్కలు రెండుసార్లు తప్పింది. నెత్తి మీద ముసుగులాగా చున్నీ వేసుకుని, ఒక చేయి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, రెండో చేతి ఒక్క వేలితో కొట్టింది. తప్పు. నీళ్లెక్కాయి. మళ్లీ తప్పు. నాలుగోసారికి అమ్మాయి మునిగింది. వెనక నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు.

"ఇంకోపారి టీచర్," అంది బాలలక్ష్మి.

ఆ 'ఇంకోపారి' అనే మాట తొమ్మిది బి నోట లెక్కల పీరియడ్‌లో జానకీబాయి అంతవరకు వినలేదు.

చెన్నూరులో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. పోయిన ప్రతిసారీ యంత్రంలో ఉన్నదంతా చెరిగిపోయేది. మళ్లీ క్యాసెట్టు పెట్టి, అది కీచుమంటూ అయిదు నిమిషాలు తిరిగి, ఆట మొదటి నుంచి మొదలయ్యేది. అయినా పిల్లలు విసుక్కోలేదు. నెల తిరిగేసరికి వాళ్ల తీరు మారింది. అమ్మాయి చకచకా మెట్లెక్కేది. బాలలక్ష్మి పదింటికి పది కొట్టేది. మధ్యాహ్నం విరామంలో వరండాలో ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి చప్పట్లు చరుస్తూ ఏదో పాట పాడుకునేవాళ్లు. మైనస్ మూడు, అయిదు, మైనస్ పదకొండు, సున్న, రెండు, మైనస్ ఆరు అని సాగేది. ఋణ సంఖ్యలంటే పారిపోయే పిల్లలు వాటితో పాట కట్టుకున్నారని జానకీబాయి ఇంటికెళ్లి మురహరిరావుకు చెప్పింది. ఆయన వార్తాపత్రిక దించి, "మంచిదే కద," అన్నాడు.

సెప్టెంబరులో జిల్లా నుంచి విద్యాధికారి దయాకర్‌రావు జీపులో వచ్చాడు. బట్టతల, మెల్లగా మాట్లాడే మనిషి. రాజేశ్వర్‌రావు ఆయనను నేరుగా కంప్యూటర్ గదికి తీసుకెళ్లాడు. పరదాలు ఉతికించి ఉన్నాయి. ఒక్కో పిల్ల వంతుకు యంత్రాన్ని ఆపి, మళ్లీ పెట్టి ఆడించారు. ఇరవై రెండు మందిలో పద్దెనిమిది మంది ఒక్క తప్పు లేకుండా పై మెట్టుకు చేరారు. దయాకర్‌రావు కుర్చీ జరుపుకుని దగ్గరగా కూర్చుని చూశాడు.

"వీళ్లు ఏ సెక్షను?"

"బి సెక్షను సార్," అన్నాడు రాజేశ్వర్‌రావు. "మన దగ్గర అందరిలకన్న వెనకబడ్డోళ్లు. పట్టుబట్టి నేనే ఇచ్చిన."

దయాకర్‌రావు అప్పటికప్పుడు తనిఖీ పుస్తకంలో ఒక పేజీ నింపాడు. ఆట ద్వారా బోధన ఆదర్శంగా ఉందనీ, ఈ బడికి ఇంకో రెండు కంప్యూటర్లు ఇవ్వాలనీ, జానకీబాయి పేరును ఉత్తమ ఉపాధ్యాయుల జాబితాకు పంపుతున్నాననీ రాశాడు. పోతూ పోతూ ఆమెతో, "మీరు రాసిన ఆట మిగతా బడులకు సుత ఇయ్యాలమ్మా," అన్నాడు.

రెండు వారాలకు త్రైమాసిక పరీక్షలు జరిగాయి. ఋణ సంఖ్యల మీద జానకీబాయి పది చిన్న లెక్కలు ఇచ్చింది, అన్నీ ఆటలో వచ్చే రకమే. బతుకమ్మ సెలవుల్లో పేపర్లు దిద్దింది. ఇరవై రెండు మందిలో సగానికి పైగా సరిగా చేసినవాళ్లు నలుగురు. మిగతావాళ్లు నిరుడు ఎలా రాశారో అలాగే రాశారు. బాలలక్ష్మి పేపరును ఆమె మళ్లీ మళ్లీ చూసింది. మొదటి లెక్క, నాలుగులోంచి ఏడు పోతే ఎంత? ఆ పిల్ల పదకొండు అని రాసింది. అదే లెక్కకు ఆ పిల్ల తెర మీద మైనస్ మూడు కొట్టడం తన కళ్లతో చూసిన జ్ఞాపకం ఆమెకు ఉంది. భయపడ్డారనుకుంది. పేపరు ఇంగ్లీషులో ఏమీ లేదే అనుకుంది. ఏ కారణం చెప్పుకున్నా అది నిలవలేదు.

సెలవులైన మర్నాడు లస్మవ్వ బడికి వచ్చింది. చేతిలో కూతురి మార్కుల కాగితం, నడుముకు కొంగు. వరండాలో చెప్పులు విడిచి స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, నాకు సదువు రాదు. ఒక్క ముచ్చట అడుగుత, తప్పయితే తిట్టుండ్రి."

"అడుగు లస్మవ్వా. లోపటికి రా."

"నా బిడ్డ గా పెట్టె ముంగట రోజు గెలుస్తనే ఉన్నదట. కాయితం మీదికి వచ్చేవరకు ఓడిపోయింది. పెట్టెల ఉన్న లెక్క, కాయితంల ఉన్న లెక్క ఒక్కటేనా, వేరేనా?"

"ఒక్కటే."

"ఒక్కటే అయితే రెండిట్ల ఏదో ఒకటి అబద్ధం ఆడుతున్నది కద టీచరమ్మా?"

లెక్కల టీచర్లు ఇద్దరు, తెలుగు పండితుడు, డ్రాయింగు మాస్టరు అక్కడే ఉన్నారు. జానకీబాయి, "నేను చూసి చెప్త," అంది. లస్మవ్వ దండం పెట్టి, కూలికి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం జానకీబాయి పిల్లల వెనక కాకుండా పక్కన కూర్చుంది. తెరను వదిలేసి చేతులను చూసింది. కరెంటు పోయి అప్పుడే వచ్చింది. క్యాసెట్టు కీచుమని ఆగింది. తెర మీద మెట్లు ఒక్కొక్కటిగా పడుతున్నాయి. లెక్క ఇంకా రాలేదు. బాలలక్ష్మి వేలు రెండు మీటలు నొక్కేసింది. తర్వాత లెక్క వచ్చింది, దాని పక్కనే జవాబు వచ్చింది. మైనస్ మూడు. అమ్మాయి మెట్టెక్కింది.

"ప్రశ్న రాకముందే కొట్టినవేందే?"

"వస్తది కద టీచర్."

"ఏమొస్తదో నీకెట్ల ఎరుక?"

బాలలక్ష్మి ఆమెను వింతగా చూసింది. "ఆన్ చేసినంక ఎప్పటికి అదే వరుస గద టీచర్. మొదాలు మైనస్ మూడు, ఎనుక అయిదు, మైనస్ పదకొండు, సున్న..."

వరండా పాట అది.

"ఎంతదాక వచ్చు నీకు?"

"నాకు అరువై రెండు. రాజవ్వకు నలభై. మిగిలినోళ్లకు పది పదిహేను వస్తయి. కరెంటు ఎట్లనన్న పోతది కద, గంతకన్న ఎక్కువ అవుసరం పడది."

"మరి పైన లెక్క చదువవా?"

"చదివితే ఆలిశం అయితది టీచర్. నీళ్లు ఎక్కుతయి."

జానకీబాయికి కోపం వచ్చింది. చేయి కొంచెం లేచింది కూడా. ఆ పిల్ల ముఖంలో భయం గాని, దొరికిపోయిన జంకు గాని ఏమీ లేదు.

"నాకెందుకు చెప్పలే?"

"మీరు అడగలే. పద్యం అప్పజెప్తే ఎట్ల నేర్చుకున్నవని ఎవలన్న అడుగుతరా టీచర్? బట్టీ పట్టుడే గద."

పిల్లలను పంపించి ఆమె యంత్రాన్ని ఆపి, మళ్లీ పెట్టింది. మూడుసార్లు అలా చేసి ప్రతిసారీ మొదటి పదిహేను లెక్కలు కాగితం మీద రాసుకుంది. మూడు కాగితాలూ ఒక్కటే. ఆదివారాలు తను పరీక్షించినప్పుడు యంత్రం గంటల తరబడి ఆగకుండా నడిచింది, అందుకే ఒకే వరుస మళ్లీ రావడం ఆమె కంట పడలేదు. శిక్షణలో ఇచ్చిన పుస్తకం తీసి వెతికితే ఎనభై ఆరో పేజీ అడుగున, సన్న అక్షరాల్లో రెండు వాక్యాలున్నాయి. మొదట ఒక అంకె ఇచ్చి కదిలించకపోతే యంత్రం ప్రతిసారీ ఒకే వరుస ఇస్తుంది. ఆ పేజీ ఆమె చదివిందే. మూలన పెన్సిలు గీత కూడా ఉంది.

ఇంటికి వెళ్లి అన్నం వండింది, కూర మాడింది. మురహరిరావు అడిగితే జరిగింది చెప్పింది.

"ఎవరికీ తెల్వదు కద," అన్నాడాయన. "ఆట సరిచేసుకో. ఆ సార్ రాసింది రాసిండు."

"లస్మవ్వకు తెలుసు."

ఆయన మాడిన కూర గిన్నెను తన వైపు జరుపుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆమె విద్యాధికారికి ఉత్తరం రాసింది. ఒకటిన్నర పేజీ. తమరు చూసిన ఫలితం లెక్కలు వచ్చినందువల్ల కాదు, ఆటలో నా లోపం వల్ల పిల్లలు జవాబుల వరుసను కంఠస్థం చేశారు, త్రైమాసికంలో అసలు మార్కులు ఇవి, కనుక నా పేరు జాబితా నుంచి తీసేయగలరు అని. మూడు కాగితాల నకళ్లు జతచేసింది. రాజేశ్వర్‌రావు అది చదివి కళ్లజోడు తీశాడు.

"ఇది నేను పంపితే బడి ఇజ్జత్ ఏమైతది? పోయిన జీపును మల్ల పిలుచుకునుడు ఎందుకమ్మా?"

"సార్, ఆ ఆటను మిగతా బడులకు ఇయ్యాలన్నరు. ఇస్తే అన్ని బడుల్ల ఇదే జరుగుతది."

"రెండు కంప్యూటర్లు వస్తున్నయి."

"వస్తే మంచిదే. గిట్ల మాత్రం వద్దు సార్."

ఆయన వారం రోజులు ఉత్తరాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. ఆమె రోజూ పొద్దున వచ్చి, పంపారా అని అడిగింది. ఎనిమిదో రోజు, ఇది సదరు టీచరు సొంత అభిప్రాయమని కింద ఒక వాక్యం రాసి, సంతకం పెట్టి పంపాడు. జవాబు రాలేదు. ఉత్తమ ఉపాధ్యాయుల జాబితా వచ్చినప్పుడు అందులో ఆమె పేరు లేదు. కొత్త కంప్యూటర్లూ రాలేదు. ఉన్నవాటిని తీసుకుపోకుండా వదిలేశారన్నదే రాజేశ్వర్‌రావుకు మిగిలిన ఊరట. స్టాఫ్‌రూములో కొన్నాళ్లు ఆమె రాగానే మాటలు ఆగేవి. డ్రాయింగు మాస్టరు ఒకసారి, "నిజం చెప్పుడు మంచిదే, మన మీదికి తెచ్చుకునుడు మంచిది కాదు," అన్నాడు.

ఈలోగా ఆట పని మిగిలే ఉంది. ఆమె బాలలక్ష్మిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"దీన్ని ఓడించింది నువ్వే. ఇప్పుడు నువ్వు ఓడించరాకుండ దీన్ని ఎట్ల చేయాల్నో చెప్పు."

ఆ పిల్ల చాలాసేపు చున్నీ కొన నమిలింది. ఇది శిక్షో, పనో తేల్చుకోలేకపోయింది. ఆఖరుకు, "మొదాలు ఎవలన్న ఒక అంకె కొడితే, దాన్నిబట్టి వరుస మారాలె," అంది. పుస్తకం ఎనభై ఆరో పేజీ చెప్పింది అదే. రోజు తారీఖు కొట్టి మొదలుపెట్టారు. నాలుగు రోజులు పనిచేసింది. అయిదోరోజు మొదట ఆడిన పిల్ల బయటికెళ్లి ఆ రోజు వరుసను రెండో పిల్లకు చెప్పింది. ఆ సంగతి బాలలక్ష్మే వచ్చి చెప్పింది, ఈసారి అడగకముందే.

జానకీబాయి అప్పుడు ఆటనే తిరగేసింది. లెక్కలు ఇచ్చే పని యంత్రం నుంచి తీసేసి పిల్లలకు ఇచ్చింది. రెండు జట్లు. ఈ జట్టు లెక్క కొడుతుంది, తన జవాబు కూడా రహస్యంగా కొట్టి పెడుతుంది. ఆ జట్టు జవాబు చెప్పాలి. ఇద్దరివీ యంత్రం సరిచూస్తుంది. అడిగినవాళ్ల జవాబే తప్పైతే నీళ్లు అడిగినవాళ్ల మెట్టుకు ఎక్కుతాయి. ఇరవై లెక్కపెట్టే నియమం తీసేసింది.

ఆ మార్పుతో గది గోలగోలయింది. ఎదుటివాళ్లను ముంచడానికి పిల్లలు ముందురోజే ఇంట్లో లెక్కలు తయారు చేసుకుని, ఒకరికొకరు చూపించకుండా రవికల్లో దాచుకుని వచ్చేవాళ్లు. మైనస్‌లోంచి మైనస్ తీసేస్తే ఏమవుతుందో జానకీబాయి చెప్పకముందే అడిగారు, ఎందుకంటే అది అడిగితే ఎదుటి జట్టు తప్పకుండా మునుగుతుంది. ఒకరోజు రాజవ్వ, బాలలక్ష్మి ఒక జవాబు మీద జుట్లు పట్టుకోబోయారు. ఇద్దరూ బోర్డు మీద మెట్లు గీసి వాదించుకున్నారు. యంత్రం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. గొడవ విని రాజేశ్వర్‌రావు వచ్చాడు.

"ఇది బడా, బజారా?"

"లెక్కలు చేస్తున్నరు సార్."

ఆయన బోర్డు వంక చూశాడు. చేస్తున్నది లెక్కలే. పరదా సర్ది వెళ్లిపోయాడు.

వార్షిక పరీక్షల్లో తొమ్మిది బి నుంచి పదమూడు మంది లెక్కల్లో పాసయ్యారు. నలుగురు తప్పారు. ఇద్దరికి పెళ్లిళ్లయ్యాయి, ముగ్గురు తునికాకు కాలం రాగానే బడి మానేసి మళ్లీ రాలేదు. ఈ అంకెలను జానకీబాయి దయాకర్‌రావుకు ఇంకో ఉత్తరంలో రాసింది, మానేసినవాళ్లతో సహా. ఎవరూ అడగలేదు, అయినా రాసింది. దానికీ జవాబు రాలేదు.

కంప్యూటర్లు రెండేళ్లు నడిచాయి. తర్వాత ఒకటి కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోయింది. బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారో ఎవరికీ తెలియలేదు. రెండోదాన్ని 1990 వేసవిలో జిల్లా కేంద్రంలోని మగపిల్లల బడికి తరలించారు. ఆ ఏడే జానకీబాయికి ఉట్నూరుకు బదిలీ అయింది, గిరిజన ఆశ్రమ పాఠశాలకు. మురహరిరావు మంచిర్యాలలో గది తీసుకున్నాడు, శనివారాలు వచ్చేవాడు. బాలలక్ష్మి పదో తరగతి లెక్కల్లో అరవై ఒక్క మార్కులు తెచ్చుకుని ఇంగ్లీషు తప్పింది, మళ్లీ రాసి గట్టెక్కింది. మంచిర్యాలలో కంప్యూటరు మీద టైపు నేర్చుకుని కరీంనగర్‌లో కరెంటు బిల్లులు అచ్చువేసే చోట పనికి కుదిరింది. జగిత్యాల వైపు సంబంధం, పిల్లవాడు దుబాయ్‌లో ఉంటాడు. పెళ్లికార్డు ఉట్నూరుకు పోస్టులో వచ్చింది. జానకీబాయి వెళ్లలేకపోయింది.

ఉట్నూరులో ఆమె పిల్లలు ఎక్కువమంది గోండులు, ఇంట్లో తెలుగు మాట్లాడరు. మొదటి ఏడాది ఆమె చెప్పింది వాళ్లకు సగం అర్థం కాలేదు, వాళ్లు చెప్పింది ఆమెకు అసలే అర్థం కాలేదు. రెండో ఏడాది వంటమనిషి ఐలవ్వ దగ్గర కూర్చుని గోండి అంకెలు నేర్చుకుంది. ఐలవ్వ తెలుగావిడే, కానీ సంతల్లో తిరిగి తిరిగి ఆ భాష పట్టుకుంది. బడిలో కంప్యూటరు లేదు. కరెంటు రోజుకు నాలుగు గంటలు.

1993లో ఒక కవరు వచ్చింది. దయాకర్‌రావు దగ్గర నుంచి. ఆయన ఇప్పుడు కరీంనగర్‌లో ఉపాధ్యాయుల శిక్షణ చూస్తున్నాడు. 'మీ రెండు ఉత్తరాలూ నా దగ్గర ఉన్నవి. మొదటిది చదివినప్పుడు నాకు మీ మీద కోపం వచ్చింది, నా సంతకం విలువ పోయినట్లయింది. అందుకే జవాబు రాయలేదు. ఇప్పుడు ముప్పై మంది టీచర్లకు కంప్యూటర్ ఆటలతో పాఠం ఎట్లా చెప్పాలో నేర్పాలె. మీరు వచ్చి మూడు రోజులు చెప్పాలె' అని ఉంది.

ఆమె వెళ్లింది. అక్కడి యంత్రంలో పాత రేవు ఆటనే, లోపంతో సహా, ఇరవై లెక్కపెట్టే నియమంతో సహా కొట్టింది. ఒక్క మార్పు చేసింది. అంకెలకు బదులు గోండి మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. జవాబు మాత్రం మామూలు అంకెల్లో కొట్టాలి. టీచర్లలో గోండి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మొదటిరోజు అందరూ మునిగారు. యంత్రాన్ని పూటకు రెండుసార్లు ఆపి, మళ్లీ పెట్టమని ఆ గది చూసే మనిషికి ఆమె ముందే చెప్పి ఉంచింది. రెండోరోజు మధ్యాహ్నానికి సగం మంది పై మెట్టుకు చేరారు. హుజురాబాద్ నుంచి వచ్చిన పర్శరాములు అనే సారు వరుసగా ఇరవై కొట్టి లేచి నిలబడ్డాడు.

"గోండి గింత అలకగ వస్తదని నేను అనుకోలే మేడం."

"వచ్చిందా సార్?"

"పద్దెనిమిదేండ్ల సర్వీసు. నాకు రాకుంటదా?"

జానకీబాయి లేచి బోర్డు దగ్గరికి వెళ్లి ఆటలోని నాలుగు లెక్కలను, వరుస మార్చి రాసింది. సుద్దముక్క పర్శరాములుకు ఇచ్చింది. ఆయన చాలాసేపు బోర్డు ముందు నిలబడ్డాడు. మొదటి మాట మీద సుద్ద పెట్టి తీశాడు. వెనక ఎవరో మెల్లగా జవాబులు వరుసగా గొణుక్కుంటున్నారు, అవి దేనికీ కలవడం లేదు. చివరి బెంచీలో కూర్చున్న దయాకర్‌రావు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

పర్శరాములు సుద్ద బల్ల మీద పెట్టాడు. "ఒక్కటి సుత రాదు మేడం," అన్నాడు. తర్వాత ఆయనే నవ్వాడు. మిగతావాళ్లు కూడా నవ్వారు, కొందరు ఆలస్యంగా.

మూడోరోజు పనంతా అక్కడి నుంచి నడిచింది. ఆట ఎక్కడ మోసపోతుందో ముందు వెతకాలి, తర్వాతే పిల్లల ముందు పెట్టాలి. ముప్పై మందీ ఆరు జట్లయి ఒకరి ఆటను ఒకరు ఓడించే ప్రయత్నంలో భోజనం వేళ మరిచారు. దయాకర్‌రావు సాయంత్రం ఆమెను బస్టాండు దాకా దిగబెట్టాడు. పాత సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"మల్ల వచ్చే నెల రావాలె," అన్నాడాయన.

"పరీక్షలు అయినంక వస్త సార్."

ఆదిలాబాద్ బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. సోమవారం ఏడో తరగతికి భిన్నాలు మొదలుపెట్టాలి. సగానికి గోండిలో మాట తెలుసు, పావుకు ఇంకా తెలియదు, ఐలవ్వను అడగాలి. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి ఒడిలో పెట్టుకుంది. బస్సు కుదుపులకు రాయడం కుదరలేదు, మళ్లీ లోపల పెట్టేసింది.